ఏ2 పాసయ్యాక యూకేలో సెకండ్ హ్యాండ్ బైక్ ఎలా ఎంచుకోవాలి

ఏ2 అనే మధ్యస్థ పవర్ బైక్ లైసెన్స్ కోసం చివరి రోడ్డు పరీక్ష, అంటే మాడ్యూల్ 2 పాసయ్యారు, నేర్చుకునేవాళ్లు పెట్టుకునే ఎల్ ప్లేట్లు పీకేశారు, ఇక మోటర్‌వే ఎక్కొచ్చు, వెనకాల మనిషిని కూర్చోబెట్టుకోవచ్చు. అదే రోజు రాత్రి నుంచి ఫోన్‌లో యాడ్స్ చూడటం మొదలవుతుంది, రెండో రోజుకి ఏదో ఒక బండి మీద మనసు పడిపోతుంది, మూడో రోజు దాన్ని చూడటానికి రైలెక్కేస్తారు. చాలామంది తప్పు బండి కొనేది ఇలాగే. బండి నచ్చాక ఇన్సూరెన్స్, ఆ తర్వాత లైసెన్స్ రూలు, అన్నిటికన్నా చివర కాగితాలు చూస్తారు. ఈ వరస తిరగేయండి. ముందు లైసెన్స్ ఏం ఒప్పుకుంటుందో చూసి, తర్వాత ఇన్సూరెన్స్ ఎంతో కనుక్కుని, ఆ తర్వాత రిజిస్ట్రేషన్ నంబర్ మీద దొరికే చరిత్ర చదివి, అన్నీ కుదిరితేనే బండి చూడటానికి వెళ్లండి.

ఇది ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లో ఉండేవాళ్ల కోసం, ముఖ్యంగా 19 నుంచి 23 ఏళ్ల మధ్య వయసులో ఏ2 తీసుకున్నవాళ్ల కోసం రాస్తున్నాను. 24 దాటితే ఎంత పవర్ ఉన్న బండైనా నడపనిచ్చే ఫుల్ ఏ లైసెన్స్‌కే నేరుగా వెళ్లొచ్చు కాబట్టి వాళ్ల లెక్క వేరు.

35 కిలోవాట్ల సంగతి

ఏ2 మీద నడపగలిగే బండికి మూడు షరతులున్నాయి. పవర్ 35 కిలోవాట్లు దాటకూడదు, అంటే సుమారు 47 బీహెచ్‌పీ. బరువుతో పోలిస్తే కిలోకి 0.2 కిలోవాట్లు మించకూడదు. ఇక పవర్ తగ్గించిన బండి అయితే, దాని అసలు పవర్ తగ్గించినదానికి రెట్టింపు కన్నా ఎక్కువ ఉండకూడదు, అంటే ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడే 70 కిలోవాట్లు, దాదాపు 95 హార్స్ పవర్ లోపు ఉండాలి. ఇంజిన్ ఎన్ని సీసీ అన్నదానికి ఇక్కడ పరిమితే లేదు, చాలామంది సీసీ చూసుకుని సంతోషపడిపోతారు గానీ దానితో పని లేదు.

మూడో షరతు దగ్గరే ఎక్కువమంది పడతారు. "రిస్ట్రిక్టర్ కిట్ (పవర్ తగ్గించే కిట్) వేశాను, ఏ2కి ఓకే" అని యాడ్‌లో ఉంటుంది, తీరా చూస్తే అది యమహా ఆర్6. దాని అసలు పవర్ 70 కిలోవాట్లకి బాగా పైన, కాబట్టి ఏ కిట్ వేసినా ఏ2కి పనికిరాదు. ఎంటీ-09 కూడా అంతే. ట్రయంఫ్ స్ట్రీట్ ట్రిపుల్ 675 కూడా, 105 హార్స్ పవర్ ఉన్న మామూలు మోడల్ అయితే, అంతే. అమ్మేవాడు కావాలని అబద్ధం చెబుతున్నాడనీ కాదు. 2013 జనవరి 19కి ముందు రూలు వేరుగా ఉండేది. అప్పట్లో 33 బీహెచ్‌పీకి తగ్గిస్తే ఏ బండైనా నడపొచ్చు, రెండేళ్లు గడిస్తే పరీక్ష లేకుండానే ఫుల్ లైసెన్స్ అయిపోయేది. పాత రైడర్లు ఇప్పటికీ ఆ లెక్కే చెబుతారు. ఇప్పుడు రెండేళ్లు గడిచినా దానంతట అదేం మారదు, 21 దాటి, ఏ2 మీద రెండేళ్లు పూర్తయ్యాక పెద్ద బండి మీద మళ్లీ ప్రాక్టికల్ పరీక్ష ఇవ్వాలి.

బండి రిజిస్ట్రేషన్ పత్రం, ఇక్కడ లాగ్ బుక్ అంటారు, అదే వీ5సీలో పీ.2 అని ఒక గడి ఉంటుంది, అందులో పవర్ కిలోవాట్లలో రాసి ఉంటుంది. పాత బండ్లకి ఆ గడి ఖాళీగా ఉండటం మామూలే, అప్పుడు కంపెనీ స్పెసిఫికేషన్ చూసుకోవాలి. కొన్ని బండ్లు గీతకి ఎంత దగ్గరగా ఉంటాయంటే, నింజా 400 బరువు 168 కిలోలు, పవర్ 33.4 కిలోవాట్లు, భాగిస్తే 0.199 వస్తుంది. ఏ2 కోసమే లెక్కేసి తయారుచేశారని దీన్ని చూస్తే తెలిసిపోతుంది.

లైసెన్స్ ఒప్పుకోని బండి నడుపుతూ దొరికితే లైసెన్స్ మీద 3 నుంచి 6 పెనాల్టీ పాయింట్లు పడతాయి. దాంతోపాటు ఇన్సూరెన్స్ చెల్లదని తేలితే 6 నుంచి 8 పాయింట్లు, బండిని అక్కడికక్కడే పట్టుకెళ్లే అధికారం కూడా పోలీసులకి ఉంది. మీకు ఇదే మొదటి ఫుల్ లైసెన్స్ అయితే, రెండేళ్లలోపు 6 పాయింట్లు వస్తే లైసెన్స్ రద్దు, మళ్లీ ప్రొవిజనల్ (లెర్నర్ లైసెన్స్) నుంచి మొదలుపెట్టాలి. థియరీ, మాడ్యూల్ 1, మాడ్యూల్ 2 అన్నీ మళ్లీ.

ఇన్సూరెన్స్ ధర కనుక్కోకుండా బండి చూడటానికి వెళ్లొద్దు

22 ఏళ్ల వాడికి, నో క్లెయిమ్స్ బోనస్ సున్నా ఉన్నవాడికి, రాత్రిపూట రోడ్డు మీద బండి పెట్టేవాడికి ఇన్సూరెన్స్ ఒక్కోసారి బండి ఖరీదుకి దగ్గరగా వస్తుంది. ఇండియాలో ఎన్నేళ్లు ప్రమాదం లేకుండా నడిపినా ఇక్కడ చాలా కంపెనీలు దాన్ని లెక్కలోకి తీసుకోవు. అందుకే నచ్చిన నాలుగైదు మోడళ్లు రాసుకుని, యాడ్‌లో కనిపించే రిజిస్ట్రేషన్ నంబర్‌తోనే కంపారిజన్ సైట్లలో కోట్లు తీయండి. ఒకే పవర్ ఉన్న రెండు బండ్ల మధ్య కూడా పెద్ద తేడా కనిపించొచ్చు, ఎందుకంటే దొంగలకి ఏ బండి ఇష్టమో కంపెనీలకి బాగా తెలుసు. పోస్ట్‌కోడ్ మారితే కూడా ధర మారుతుంది, అందుకని స్నేహితుడి పల్లెటూరి అడ్రస్ ఇస్తే తగ్గుతుంది కదా అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు, వినకండి. క్లెయిమ్ వేసిన రోజు మొదట తేలేది అదే.

రిస్ట్రిక్టర్ కిట్ ఉన్నా, సైలెన్సర్ మార్చినా, టెయిల్ టైడీ (వెనక నంబర్ ప్లేట్ పట్టే భాగాన్ని పొట్టిగా చేసేది) వేసినా అవి మాడిఫికేషన్లే, కంపెనీకి చెప్పాలి. కాలేజీకో పనికో రోజూ వెళ్తే కమ్యూటింగ్ అని పెట్టించుకోవాలి. ఫుడ్ డెలివరీకి ఇవేవీ చాలవు, దానికి హైర్ అండ్ రివార్డ్ అనే వేరే పాలసీ కావాలి. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకి సొంత వ్యాపారంగా చేసే పని అసలు కుదరదు కాబట్టి, యాప్‌లో డెలివరీలు చేసి ఇన్సూరెన్స్ ఖర్చు రాబట్టుకుందాం అనే ప్లాన్ ఇక్కడితో వదిలేయడమే మంచిది.

బడ్జెట్ వేసుకునేటప్పుడు మొత్తం డబ్బు బండికే పెట్టేయకండి. మంచి హెల్మెట్ (ప్రభుత్వమే నడిపే షార్ప్ రేటింగ్ సైట్‌లో ఏ హెల్మెట్‌కి ఎన్ని స్టార్లో చూడొచ్చు), జాకెట్, గ్లౌజులు, బూట్లు, వీటితోపాటు సోల్డ్ సెక్యూర్ (తాళాలు ఎంత గట్టివో పరీక్షించే సంస్థ) రేటింగ్ ఉన్న గట్టి గొలుసు, తాళం. ఊళ్లో రోడ్డు మీద బండి పెట్టేవాళ్లు గొలుసు మీద పిసినారితనం చేస్తే ఆ బండి ఎక్కువ రోజులు మీది కాదు.

ఏ బండ్లు చూడాలి

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఫ్యాక్టరీ నుంచే 35 కిలోవాట్ల లోపు వచ్చిన బండి కొనండి. కిట్ వేసిన 650, 700 బండ్లు చట్టప్రకారం తప్పేం కాదు, ఎస్‌వీ650, జెడ్650, ఎంటీ-07 అన్నీ 70 కిలోవాట్ల లోపే కాబట్టి తగ్గించుకుని నడపొచ్చు, రెండేళ్ల తర్వాత పరీక్ష పాసై కిట్ తీసేస్తే అదే బండి పూర్తి బలంతో మీదే, ఆ సౌకర్యం నిజమే. కానీ దానికి కిట్ వేయించిన సర్టిఫికెట్ ఉండాలి, అది పోతే ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర నిరూపించుకోవడం మీ తలనొప్పి, పైగా మీకంటే ముందు ఓనర్ కిట్ తీసేసి ఆ సంగతి మర్చిపోయి ఉండొచ్చు. కిట్లలో కొన్ని థ్రాటిల్ పూర్తిగా తెరుచుకోకుండా ఆపే చిన్న ముక్కలు, కొన్ని ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) మ్యాప్ మార్చడం. రెండో రకం బయటి నుంచి చూస్తే కనిపించదు. సర్టిఫికెట్ లేకపోతే, కొన్నాక మీరే ఒక డీలర్ దగ్గర కొత్తగా వేయించుకునే ఖర్చు కలిపి బేరం ఆడండి.

హోండా సీబీ500ఎఫ్, సీబీ500ఎక్స్, సీబీఆర్500ఆర్ మూడింటికీ 2013 నుంచి ఒకే 471 సీసీ ఇంజిన్, 47 హార్స్ పవర్. చూడగానే గుండె ఆగిపోయే బండి కాదు, ట్రెయినింగ్ స్కూళ్లలో వాడే బండి కాబట్టి కాస్త బోర్ అనిపిస్తుంది కూడా. కానీ మోటర్‌వే మీద 70 మైళ్ల వేగంతో గంటలు పోతుంది, పెట్రోల్ తక్కువ తాగుతుంది, స్పేర్లు ఎక్కడైనా దొరుకుతాయి, అమ్మేటప్పుడు కొనేవాళ్లు క్యూలో ఉంటారు. అదే ఇంజిన్‌తో వచ్చే రెబల్ 500 సీటు ఎత్తు 690 మిల్లీమీటర్లే, పొట్టిగా ఉన్నవాళ్లకి రెండు కాళ్లూ నేలకి పూర్తిగా ఆనుతాయి. దాంతో పోలిస్తే కేటీఎమ్ 390 డ్యూక్ 2017లో వచ్చిన మోడల్ సీటు 830 మిల్లీమీటర్లు. యాడ్‌లో ఫోటో చూసి ఈ తేడా తెలియదు, ట్రాఫిక్ లైట్ దగ్గర ఏటవాలు రోడ్డు మీద ఆగినప్పుడు తెలుస్తుంది.

ఎక్కువగా ఊళ్లోనే తిరిగేవాళ్లకి యమహా ఎంటీ-03, కవాసాకీ జెడ్400, బీఎండబ్ల్యూ జీ310ఆర్ లాంటివి తేలిగ్గా ఉంటాయి, తిప్పడం సులువు. 300 సీసీ బండి మోటర్‌వే మీద 70లో పోగలదు, కాకపోతే ఇంజిన్ అరుస్తూనే ఉంటుంది, వారానికి రెండుసార్లు అలా దూరం వెళ్లేవాళ్లకి అలసట. మన వాళ్లలో రాయల్ ఎన్‌ఫీల్డ్ మీద మోజున్నవాళ్లు ఎక్కువ. ఇంటర్‌సెప్టర్ 650 సరిగ్గా 47 హార్స్ పవర్‌తోనే వస్తుంది కాబట్టి ఏ2కి సరిపోతుంది. కానీ 200 కిలోల పైన బరువు, పార్కింగ్‌లో వెనక్కి తోసేటప్పుడు ఆ బరువంతా చేతుల్లోకి వస్తుంది, అది ఒకసారి తోసి చూశాకే నిర్ణయించుకోండి. 650 సీసీ కాబట్టి రోడ్డు ట్యాక్స్‌లో కూడా అన్నిటికన్నా పై స్లాబులోకి వెళ్తుంది. స్లాబులు 150, 400, 600 సీసీల దగ్గర మారతాయి.

ఇంకో చిన్న సంగతి. 2017 నుంచి కొత్తగా అమ్మిన 125 సీసీ పైబడ్డ రోడ్డు బండ్లలో దాదాపు అన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. వాన పడ్డ రోడ్డు మీద మొదటి ఏడాది నడిపేవాడికి ఏబీఎస్ ఉంటే ఎంత తేడానో చెప్పక్కర్లేదు, అందుకే అదే ధరలో 2014 బండికీ 2017 బండికీ మధ్య తేల్చుకోలేకపోతే నేనైతే రెండోదే తీసుకుంటాను, మైళ్లు కాస్త ఎక్కువున్నా సరే. లండన్‌లో ఉంటే యూలెజ్ (ఎక్కువ పొగ వదిలే బండ్లకి రుసుము వేసే ప్రాంతం) కూడా చూసుకోవాలి, యూరో 3 అనే పొగ ప్రమాణం ఉన్న బండి, సాధారణంగా 2007 జులై తర్వాత రిజిస్టర్ అయినది, సరిపోతుంది. లేకపోతే రోజుకి 12.50 పౌండ్లు.

రిజిస్ట్రేషన్ నంబర్‌తో ఇంట్లోనే చేసే పని

ప్రభుత్వ సైట్‌లో ఎంఓటీ (బండి రోడ్డు మీద తిరగడానికి తగినదా అని చూసే పరీక్ష) హిస్టరీ ఉచితంగా చూడొచ్చు, నంబర్ కొడితే చాలు. మూడేళ్లు నిండిన బండికి ప్రతి ఏడాదీ ఎంఓటీ ఉండాలి, ప్రతిసారీ మైళ్లు ఎంతో నమోదవుతాయి. దీన్ని పాస్, ఫెయిల్ అని మాత్రమే చూసి వదిలేయకండి, అడ్వైజరీలు, అంటే పాసైనా త్వరలో చూసుకోమని రాసే హెచ్చరికలు చదవండి. "వెనక టైరు అరిగిపోయే దశలో ఉంది" అని ఒక ఏడాది రాసి, పక్క ఏడాది కూడా అదే మాట ఉండి, మధ్యలో మైళ్లు నాలుగు వేలు పెరిగి ఉంటే ఆ ఓనర్ ఖర్చు పెట్టే మనిషి కాదు. టైరుకే పెట్టనివాడు ఇంజిన్ ఆయిల్‌కి పెట్టి ఉంటాడా? అలాగే ఒక ఏడాది మొత్తానికి 40 మైళ్లే తిరిగి ఉంటే, అది ఎంఓటీ సెంటర్‌కి వెళ్లి రావడానికి తప్ప బయటికి రాలేదన్నమాట. తక్కువ మైళ్లు అని యాడ్‌లో గొప్పగా రాసుకుంటారు గానీ నిలబెట్టేసిన బండికి సీల్స్ ఎండిపోతాయి, ట్యాంకులో తుప్పు చేరుతుంది, బ్యాటరీ చచ్చిపోతుంది, టైర్లు గట్టిపడతాయి. క్రమం తప్పకుండా సర్వీసు చేయించిన 20,000 మైళ్ల సీబీ500, షెడ్డులో నిద్రపోయిన 3,000 మైళ్ల బండి కన్నా నయం.

దీని తర్వాత డబ్బు కట్టి చేసే హిస్టరీ చెక్. పది, ఇరవై పౌండ్లతో బండి మీద ఫైనాన్స్ బాకీ ఉందా, దొంగిలించినదా, ఎప్పుడైనా ఇన్సూరెన్స్ వాళ్లు రైట్ ఆఫ్ చేశారా (రిపేరు చేయించడం దండగ అని రాసేశారా) అన్నీ తెలుస్తాయి. ఫైనాన్స్ బాకీ ఉన్న బండి కొంటే ఆ గొడవ వెతుక్కుంటూ మీ గుమ్మం దాకా వస్తుంది. రైట్ ఆఫ్ విషయానికొస్తే 2017 అక్టోబర్ నుంచి క్యాటగిరీ ఎస్, క్యాటగిరీ ఎన్ అంటున్నారు, ఎస్ అంటే ఛాసిస్ లాంటి ముఖ్య భాగానికి దెబ్బ తగిలింది, ఎన్ అంటే తగల్లేదు. అంతకు ముందువి సీ, డీ. మొదటి బండిగా క్యాట్ ఎస్ జోలికి వెళ్లొద్దు, ఎంత చవగ్గా వచ్చినా. క్యాట్ ఎన్ అయితే, పడిపోయినప్పుడు ఫెయిరింగ్ (బండి చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు) పగిలి రిపేరు ఖర్చు ఎక్కువై రాసేసిన బండి కూడా కావచ్చు, ఫోటోలూ బిల్లులూ ఉంటే, ధర బాగా తగ్గితే ఆలోచించొచ్చు.

ఫోన్ చేసినప్పుడు మూడు ప్రశ్నలు చాలు. వీ5సీ మీ పేరు మీదే ఉందా, ఇప్పుడు మీ దగ్గరే ఉందా, బండి మీ ఇంటి దగ్గరే చూడొచ్చా. మూడింటిలో దేనికి నసిగినా ఫోన్ పెట్టేయండి. "కార్ పార్క్‌లో కలుద్దాం" అనేవాళ్లు, "చాలామంది అడుగుతున్నారు, 100 పౌండ్లు అడ్వాన్స్ పంపితే మీ కోసం ఉంచుతా" అనేవాళ్లు, మామూలు ధర కన్నా వెయ్యి పౌండ్లు తక్కువకి ఇస్తానంటూ కథ చెప్పేవాళ్లు, వీళ్లందరి మీదా సమయం వృథా. చివరగా ఒక మాట అడగండి: నేను వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయకండి.

బండి ముందు నిలబడ్డాక

పగలే వెళ్లండి, వాన లేనప్పుడు. తడిసిన బండి మీద గీతలు కనపడవు, పెయింట్ కొత్తదానిలా మెరుస్తుంది. బైక్‌ల గురించి కాస్త తెలిసిన స్నేహితుణ్ని తీసుకెళ్లండి, ఏమీ తెలియనివాడైనా ఫర్వాలేదు, మీరు మురిసిపోతున్నప్పుడు చొక్కా పట్టి లాగడానికైనా ఒకడు ఉండాలి.

వెళ్లగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అవడంలో ఏదో ఇబ్బంది ఉందని, దాన్ని మీరు రాకముందే దాటించేశారని అనుమానించాలి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు వచ్చే మొదటి అర నిమిషం శబ్దం శ్రద్ధగా వినండి. చలికాలం పొద్దున సైలెన్సర్ నుంచి తెల్లటి ఆవిరి రావడం మామూలే, ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే కూలెంట్ లోపలికి పోతోందని అర్థం. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. అలా ఆన్‌లోనే వదిలేసి మిగతావి చూస్తూ ఉండండి, కాసేపటికి రేడియేటర్ ఫ్యాన్ దానంతట అదే తిరగాలి.

చైన్ ఓనర్ గుణం చెప్పేస్తుంది. ఎండిపోయి, ఎర్రటి తుప్పుతో, వదులుగా వేలాడుతుంటే అతను బండిని ఎలా చూసుకున్నాడో ఇక అడగక్కర్లేదు. వెనక స్ప్రాకెట్ దగ్గర చైన్‌ని వెనక్కి లాగి చూడండి, పళ్ల మధ్య ఖాళీ కనిపిస్తే అరిగిపోయినట్టు, పళ్లు ఒక వైపుకి వంగి కొక్కేల్లా ఉంటే కూడా అంతే. చైన్, రెండు స్ప్రాకెట్లూ కలిపి మార్చాలి, 100 పౌండ్ల పైనే అవుతుంది. చక్రాన్ని తిప్పుతూ చైన్‌ని ఒకే చోట కాకుండా నాలుగు చోట్ల నొక్కి చూడండి, ఒక చోట బిగుతుగా ఇంకో చోట వదులుగా ఉంటే అడ్జస్ట్ చేసినా లాభం లేదు.

టైర్లకి చట్టప్రకారం వెడల్పులో ముప్పావు వంతు మేర ఒక మిల్లీమీటరు లోతు గాడి ఉండాలి, మిగతా భాగంలో కూడా గాడి కనిపించాలి. గాడి బాగానే ఉన్నా వయసు చూడండి, టైరు పక్క మీద డాట్ అని రాసినదాని చివర్లో నాలుగు అంకెలుంటాయి, 2318 అంటే 2018లో 23వ వారం. ఎనిమిదేళ్ల టైరు వాన రోడ్డు మీద నమ్మదగినది కాదు, చూడటానికి కొత్తగా ఉన్నా. జత మార్చి బిగించడానికి 200 పౌండ్లు దాటుతుంది, ఈ లెక్కలన్నీ ఒక కాగితం మీద రాసుకుంటూ పోండి, బేరం టైంలో పనికొస్తాయి.

ముందు బ్రేక్ పట్టుకుని హ్యాండిల్ మీద బరువేసి నొక్కి వదలండి, ఫోర్క్ పైపుల మీద ఆయిల్ గీత కనిపిస్తే సీల్స్ పోయినట్టు. ముందు చక్రం గాల్లో ఉండేలా చేయగలిగితే హ్యాండిల్‌ని ఒక వైపు నుంచి ఇంకో వైపుకి మెల్లగా తిప్పండి, మధ్యలో "టిక్" మని ఆగినట్టు అనిపిస్తే కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) పోయింది. ఇది చిన్నదిగా కనిపిస్తుంది గానీ లేబర్ ఖర్చు ఎక్కువ. డిస్క్ అంచు మీద గోరు పెట్టి గీకండి, మెట్టులా తగిలితే డిస్క్ అరిగింది.

ఇక పడిపోయిన గుర్తులు. క్లచ్ లివర్, బ్రేక్ లివర్ చివర్లు, హ్యాండిల్ బార్ చివర్లు, ఫుట్‌రెస్ట్ కొసలు, ఇంజిన్ కవర్ అడుగు, సైలెన్సర్ పక్క. నిలబడ్డ చోట పడిపోతే వీటి మీద చిన్న గీతలుంటాయి, ఆరేళ్ల బండికి అలాంటివి ఉండటం నేరం కాదు, దాచడమే అనుమానించాల్సిన సంగతి. ఒక వైపు లివర్, అద్దం, ఇండికేటర్ మాత్రం కొత్తవిగా మెరుస్తూ రెండో వైపువి పాతగా ఉంటే ఎందుకని అడగండి. గట్టిగా గుద్దుకున్నదా అని తెలియాలంటే హ్యాండిల్‌ని పూర్తిగా ఒక పక్కకి తిప్పి, అది వెళ్లి ఆగే చోట ఛాసిస్ మీదున్న చిన్న ఇనుప దిమ్మల్ని చూడండి, అవి నొక్కుకుపోయినా, పెయింట్ పగిలినా, ఒకటి లేకపోయినా ఆ బండి వదిలేయండి. బేరం కూడా ఆడొద్దు.

ఇక్కడి చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పు బండి కింది భాగాన్ని తినేస్తుంది. సెల్‌ఫోన్ టార్చ్ వేసి ముందు చక్రం వెనకాల, సైలెన్సర్ పైపులు ఇంజిన్‌లోకి వెళ్లే చోట, రేడియేటర్ అడుగు, బోల్టుల తలలు చూడండి. పైపుల మీద పైపైన తుప్పు ఉంటే సరే. బోల్టుల తలలు అరిగిపోయి పానా పట్టని స్థితిలో ఉంటే రేపు ప్రతి రిపేరూ రెట్టింపు కష్టం. పది నెలలు గ్యారేజీలో ఉండి ఎండాకాలంలో మాత్రమే బయటికొచ్చిన బండికీ, రోజూ డిసెంబర్‌లో కూడా ఆఫీసుకి వెళ్లిన బండికీ తేడా ఇక్కడే బయటపడుతుంది, యాడ్‌లో రాసిన మాటల్లో కాదు.

కీ పెట్టే చోట గీతలు, పగుళ్లు ఉన్నాయా చూడండి, దొంగలు స్క్రూడ్రైవర్ దూర్చిన గుర్తు అది. రెండు కీలూ ఉండాలి. హ్యాండిల్ కింద స్టీరింగ్ మెడ మీద కొట్టిన ఛాసిస్ నంబర్, వీ5సీలో ఉన్నది, అక్షరం అక్షరం సరిపోవాలి. అక్కడ గీకినట్టు, మళ్లీ పెయింట్ వేసినట్టు ఉంటే నవ్వుతూ నమస్కారం పెట్టి వచ్చేయండి. లైట్లు, హారన్, నాలుగు ఇండికేటర్లు, రెండు బ్రేకులతోనూ బ్రేక్ లైట్ వెలుగుతోందా, ఇవన్నీ రెండు నిమిషాల పని. దగ్గర మల్టీమీటర్ ఉంటే బ్యాటరీకి పెట్టి రేజ్ చేయండి, 13.5 నుంచి 14.5 వోల్టుల మధ్య చూపించాలి.

టెస్ట్ రైడ్ ఇవ్వకపోతే

చాలామంది ప్రైవేట్ సెల్లర్లు మొత్తం డబ్బు చేతిలో పెడితే తప్ప టెస్ట్ రైడ్ ఇవ్వరు, వాళ్ల భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ అసలు సమస్య ఇన్సూరెన్స్. వేరే వాళ్ల బండి నడిపే కవర్ కుర్రాళ్ల పాలసీల్లో దాదాపు ఉండదు, కాబట్టి "వీధి చివరిదాకా వెళ్లొస్తా" అనడం కూడా ఇన్సూరెన్స్ లేకుండా నడపడమే. డీలర్ల దగ్గర వాళ్ల ఇన్సూరెన్స్ మీద ఇస్తారు, అక్కడా వయసు షరతులుంటాయి, ముందే ఫోన్‌లో అడగండి. ప్రైవేట్‌గా కొంటే ఓనర్‌నే నడిపి చూపించమనండి. గేర్లు మారుతున్నప్పుడు శబ్దం, పై గేర్‌లో ఒక్కసారిగా రేజ్ చేస్తే వేగం పెరగకుండా ఇంజిన్ అరుపు మాత్రమే పెరుగుతోందా (అలా అయితే క్లచ్ ప్లేట్లు పోతున్నాయి), వెనక నుంచి చూస్తే రెండు చక్రాలూ ఒకే గీతలో ఉన్నాయా, ఇవన్నీ నిలబడి కూడా గమనించొచ్చు.

డీలర్ దగ్గర కొంటే అదే బండికి కొన్ని వందల పౌండ్లు ఎక్కువ. దానికి బదులుగా 2015 కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ మీ వైపు ఉంటుంది, కొన్నప్పుడే లోపం ఉన్నట్టు తేలితే 30 రోజుల్లోపు తిరిగిచ్చి డబ్బు వెనక్కి అడగొచ్చు. ప్రైవేట్ సెల్లర్ చెప్పిన వివరాలు నిజం కావాలి, అమ్మే హక్కు అతనికి ఉండాలి, అంతకు మించి మీకు రక్షణ తక్కువ. మెకానికల్ విషయాలు ఏమీ తెలియకపోతే, తోడు వచ్చేవాళ్లు కూడా లేకపోతే డీలర్‌కి ఆ ఎక్కువ డబ్బు ఇవ్వడం తెలివితక్కువ పని కాదు. ధరలు ఎండలు మొదలయ్యే మార్చి, ఏప్రిల్‌లో పెరుగుతాయి, నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా బేరానికి మంచి కాలం, చలిలో బండి చూడటానికి ఎవరూ రారు కదా.

డబ్బు, కాగితాలు, ఇంటికి తెచ్చుకోవడం

బేరం ఆడేటప్పుడు "లాస్ట్ ఎంత" అని అడగొద్దు. రాసుకున్న కాగితం తీసి, టైర్లకి ఇంత, చైన్‌కి ఇంత, ఎంఓటీ రెండు వారాల్లో అయిపోతోంది అని చెప్పి మీ అంకె చెప్పండి. పేచీ లేకుండా వందో రెండొందలో తగ్గుతాయి.

డబ్బు బండి పక్కన నిలబడే పంపాలి, వీ5సీ, కీలు, ఎంఓటీ, సర్వీసు బిల్లులు, కిట్ సర్టిఫికెట్ ఉంటే అది, అన్నీ కళ్ల ముందు ఉన్నాక. వీ5సీలో ఉన్న అడ్రస్, మీరు నిలబడ్డ ఇల్లు ఒకటేనా చూసుకోండి. వీ5సీ యాజమాన్య పత్రం కాదని దాని మీదే రాసి ఉంటుంది, బండి బాధ్యత ఎవరిదో చెప్పే కాగితం మాత్రమే, అందుకని ఒక రసీదు రాయించుకోండి, ఇద్దరి పేర్లు, తేదీ, నంబర్, ధర, సంతకాలు.

అమ్మినతను ఆన్‌లైన్‌లో డీవీఎల్ఏకి (లైసెన్సులు, రిజిస్ట్రేషన్లు చూసే ప్రభుత్వ సంస్థ) మీ పేరు, అడ్రస్ చెబుతాడు, మీకు వీ5సీలోంచి పచ్చటి న్యూ కీపర్ స్లిప్ చించి ఇస్తాడు. ఆ స్లిప్ మీదున్న 12 అంకెల నంబర్‌తో అక్కడే ఫోన్‌లో ట్యాక్స్ కట్టేయండి. 2014 అక్టోబర్ నుంచి పాత ఓనర్ కట్టిన ట్యాక్స్ మీకు బదిలీ కాదు, "ఇంకా ఆరు నెలల ట్యాక్స్ ఉంది" అని ఎవరైనా చెబితే అది మీకు పనికిరాని మాట. ఇన్సూరెన్స్ కూడా ఆ నిమిషం నుంచే మొదలయ్యేలా తీసుకుని, ఆ తర్వాతే బండి కదిలించాలి. మొదటిసారి కొత్త బండి మీద, తెలియని ఊరి నుంచి, చీకట్లో, మోటర్‌వే మీద ఇంటికి రావడం టెన్షన్ పని, కాబట్టి పొద్దున్నే వెళ్లేలా చూసుకోండి లేదా వ్యాన్ మాట్లాడుకోండి.

ఇంటికొచ్చాక ఆ వారంలోనే ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్ మార్చేయండి, బ్రేక్ ఆయిల్ నల్లగా ఉంటే అది కూడా, పాత ఓనర్ ఎప్పుడు మార్చాడన్న ప్రశ్నే ఉండదు. వాల్వ్ క్లియరెన్స్ చెక్ (ఇంజిన్ వాల్వుల దగ్గర ఖాళీ సరిగ్గా ఉందో చూడటం) ఎన్ని మైళ్లకి చేయాలో హ్యాండ్‌బుక్‌లో చూసి, ఆ మైలేజీ దాటి ఉంటే, చేయించిన బిల్లు లేకపోతే, దాన్ని రాబోయే ఖర్చుల్లో రాసుకోండి. కొత్త వీ5సీ పోస్టులో వస్తుంది. నాలుగు వారాలైనా రాకపోతే వీ62 (వీ5సీ కోసం అడిగే దరఖాస్తు) ఫారం పంపాలి, పచ్చ స్లిప్ మీ దగ్గర ఉంటే దానికి డబ్బు కట్టక్కర్లేదు, అందుకే కొత్త వీ5సీ వచ్చేదాకా ఆ స్లిప్ పారేయకండి.